తవ్వని నేలలో ఇలకోడి

పాలమెట్టలో పొద్దు వాలే వేళకు సమాధుల తోట దారిన ఎవరూ నడవరు. దయ్యాల భయమా అని అడిగి చూడండి, మూతి ముడుచుకుంటారు. ప్రభువును నమ్ముకున్నవాళ్ళకు దయ్యాలేమిటని తిరిగి మిమ్మల్నే నిలదీస్తారు. భయం లేదు, ఒప్పుకుందాం. కాని నడవరు. సరుగుడు తోపు చుట్టూ తిరిగి, ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ అయినా సరే ఇల్లు చేరతారు.

వాకాటికి తూర్పుగా, సముద్రానికీ బకింగ్‌హామ్ కాలవకూ మధ్య ఇసకమెట్ట మీద ఉంది ఆ ఊరు. కలపకంట్రాక్టర్లు నరికించి సరుగుడు వేయించగా పాత అడవి ముక్క ఒకటి ఊరి చివర మిగిలింది. అంతా పాలచెట్లే, గాలికి వంగి, ముడులు దేలి, ఎండాకాలంలో కూడా ఆకు రాల్చని చెట్లు. వాటి అంచునే సమాధులు. మార్చి ఎండలు ముదిరాక సాయంత్రం పూట ఆ చెట్లలోంచి ఒక కూత వస్తుంది. ముందు గోడగడియారానికి కీ ఇస్తున్నట్టు టిక్కు టిక్కుమంటుంది. తరవాత ఒక్కసారిగా అందుకుని, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా, విన్నవాడి పళ్ళు జివ్వుమనేదాకా పెరుగుతుంది. దీపాలు పెట్టే వేళకు గొంతు జారి, ఎవరినో పిలిచి పిలిచి విసిగినట్టు ఆగిపోతుంది. ఆ ఆగిపోవడమే మనిషిని ఎక్కువ కలవరపెడుతుంది.

అది ఇలకోడి అనే పురుగు కూత అని ఊళ్ళో అందరికీ తెలుసు. ఏ ఇలకోడి అన్నది మాత్రం ఎలిశబెతు ఒక్కతికే కావలసి వచ్చింది. ఆమె ఆ ఊరి కోడలు, నెల్లూరులో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. సెలవులిస్తే చాలు, జాలీసంచీ, గాజుసీసాలు పట్టుకుని పాలమెట్టలో దిగేది. మొగుడు పోయిన మనిషి పురుగుల వెంట పడిందేమిటని మొదట్లో జనం నొచ్చుకున్నారు. తరవాత అలవాటుపడ్డారు.

ఆ పురుగును ఆమెకు మొదట చూపించింది ఆమె భర్త క్రీస్తుదాసే. పెళ్ళయిన ఏడు, ఒక సాయంత్రం దోసిలి మూసుకుని ఇంట్లోకి వచ్చాడు. "నీ సైన్సు పుస్తకంలో ఇది ఉండాదా చెప్పు చూద్దాం" అని దోసిలి విప్పాడు. పచ్చటి ఒళ్ళు, అద్దంలాంటి రెక్కలు, రెక్కల గీతల మీద సిరా చిమ్మినట్టు గోధుమరంగు మచ్చలు. పుస్తకంలో లేదు. లేదని ఒప్పుకోవడానికి ఆమెకు సిగ్గేసింది, అతను పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు కోసమే ఆమె ఇన్నాళ్ళూ ఆ పురుగును వెతుకుతోంది. ఎవరన్నా అడిగితే మద్రాసు కాలేజీ పనని చెప్పేది.

మద్రాసు మాటా అబద్ధం కాదు. అక్కడ ఆమెకు చదువు చెప్పిన లెక్చరరమ్మ, రెక్కల మచ్చలు చూసి, ఇది తన జాబితాలో దేన్నీ పోలడం లేదన్నది. "పురుగు ఒక్కటీ తెస్తే చాలదు ఎలిశబెత్. అది విడిచిన డొల్ల తీసుకురా. నేలలోంచి వచ్చిన కన్నం ఎక్కడుందో చూడు. కన్నం వెంట తవ్వి, ఏ చెట్టు వేరు తాగి పెరిగిందో తేల్చుకురా. అప్పుడే దాని ఊరూ పేరూ తేలతాయి" అన్నది. ఇలకోడి పిల్ల పుట్టగానే నేలలోకి దిగుతుంది. ఏళ్ళ తరబడి చీకట్లో వేరును అంటిపెట్టుకుని, దాని రసం తాగి బతుకుతుంది. ఒక వేసవి సాయంత్రం కన్నం చేసుకుని పైకి వచ్చి, దొరికిన చెట్టో కర్రో ఎక్కి, వీపు పగిలి, కొత్త ఒంటితో బయటపడుతుంది. కూసేది ఆ తరవాతే.

ఎలిశబెతు కూత వెంట తిరిగి ఒక సంగతి కనిపెట్టింది. సరుగుడు తోపులో ఈ కూత లేదు. జీడిమామిడి తోటల్లో లేదు. దున్నిన నేల, తవ్విన నేల, వేళ్ళు తెగిన నేల ఎక్కడున్నా అక్కడ ఒక్క కన్నమూ లేదు. పాత పాలచెట్ల కింద, మనిషి పార తగలని చోటే ఉంది. సమాధుల తోటలో కూడా అంతే. అంచున చెట్ల మొదళ్ళకు డొల్లలు కనిపించేవి, లోపల సమాధుల మీద కనిపించేవి కావు.

ఆ ఏడు, అంటే అరవై ఒకటిలో, ఈస్టరు ఏప్రిల్ మొదట్లోనే వచ్చింది. ఎలిశబెతు ఈసారి పురుగు పని మీద రాలేదు. ఆమెకు మళ్ళీ పెళ్ళి కుదిరింది. వరుడు ఆనందబాబు, కొడవలూరు ఆస్పత్రిలో కాంపౌండరు, మాట తక్కువ మనిషి. ఎండలో వచ్చినవాళ్ళకు మందు కన్నా ముందు మంచినీళ్ళిచ్చే రకం. సంబంధం కుదిర్చింది మరెవరో కాదు, ఆమె మామగారు యెహోషువ. పాలమెట్ట సంఘానికి పెద్ద, కొడుకును పోగొట్టుకున్న తండ్రి, ఆయనే కొడవలూరు దాకా నడిచీ, బస్సెక్కీ పోయి, కోడలికి మొగుణ్ణి వెతికి వచ్చాడు. ఎలిశబెతు ఏడాది పాటు కుదరదన్నది. తరవాత ఒకరోజు, ఆనందబాబు వచ్చి వెళ్ళాక, అతను కూర్చున్న కుర్చీని తాను చాలాసేపు చూస్తూ ఉండిపోయానని గమనించుకుని, సరేనన్నది. ఆమెకు బతకాలని ఉంది. అందులో తప్పేమీ లేదు.

గుళ్ళో ప్రకటన రెండు ఆదివారాలు అయింది. "కీర్తిశేషులైన క్రీస్తుదాసుగారి భార్య, విధవరాలైన ఎలిశబెతు" అని చదివి, ఈ పెళ్ళికి అడ్డంకి ఏదైనా ఎరిగినవారు చెప్పవలసిందని పాస్టరుగారు అడిగితే ఎవరూ నోరు మెదపలేదు. మూడో ప్రకటన ఈస్టరు నాడు. ఆ తరవాతి బుధవారం పెళ్ళి.

క్రీస్తుదాసు పోయింది యాభై ఏడు నవంబరు గాలివానలో. కట్టెల పడవల లెక్కలు చూసేవాడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ తాడు తెగి కొట్టుకుపోయింది. అప్పుడు ఎలిశబెతు నెల్లూరు ఆస్పత్రిలో టైఫాయిడుతో ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. తెలివి వచ్చి, జుట్టు కత్తిరించిన తలతో కూర్చోగలిగిన నాటికి అంతా అయిపోయింది. ఒడ్డుకు కొట్టుకొచ్చాడనీ, నువ్వు చూడకపోవడమే మంచిదైందనీ, పాలచెట్టు కింద పెట్టి వచ్చామనీ మామగారు చెప్పాడు. ఆమె నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

ఈస్టరుకు ముందు శనివారం పాలమెట్టలో అందరూ తమ తమ సమాధులు బాగుచేసుకుంటారు. గడ్డి పీకి, కొత్త ఇసక పోసి, సిలువకు సున్నం కొడతారు. మర్నాడు తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించి అక్కడే పాడతారు. ఆ శనివారం ఎలిశబెతు చిన్న పార, సున్నం బొక్కెన తీసుకుని పోయేసరికి పొరుగింటి మగ్దలీనమ్మ తన అత్త సమాధి దగ్గర పని ముగించుకుని లేస్తోంది.

"రా ఎలిశమ్మా, ఈ వింత చూడు!" అని ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

క్రీస్తుదాసు సిలువ నిండా డొల్లలు. కర్రకు గోళ్ళు దిగేసి, వీపులు నిట్టనిలువునా చీలి, లోపల ఏమీ లేని మట్టిరంగు డొల్లలు. కళ్ళ చోట మాత్రం ఇంకా చూస్తున్నట్టే ఉబ్బి ఉన్నాయి.

"పెంకు పగలగొట్టుకొని లేచిపోయినాయి చూడమ్మా. ఇన్ని సమాధులుండగా మీ ఆయన సిలువే ఎక్కినాయి. ఈస్టరు గురుతు గాకపోతే ఇంకేంది? ఆయన ఈడ లేడు..." అని మగ్దలీనమ్మ చటుక్కున నాలుక కరుచుకుంది. ముఖం పాలిపోయింది. "పొయ్యి మీద అన్నం ఉండాదమ్మా" అంటూ బుట్ట అక్కడే మరిచిపోయి గబగబా వెళ్ళిపోయింది.

ఎలిశబెతు నవ్వుకుంది. పక్క చెట్టు కింది నుంచి వచ్చి, దగ్గరున్న కర్ర ఎక్కి ఉంటాయి, అంతేగదా అనుకుంది. ఒక డొల్ల తీసి సీసాలో వేసుకుంది. గడ్డి పీకడానికి వంగింది. సమాధి దిబ్బ మీదే కన్నాలున్నాయి. వేలు పట్టేంత గుండ్రటి కన్నాలు, అంచులు నున్నగా, నిన్నో మొన్నో తెరుచుకున్నవి. నిలువెత్తు గొయ్యి తవ్వి పూడ్చిన చోట ఇవి ఉండకూడదు.

కొబ్బరి ఈనె ఒకటి తీసి కన్నంలోకి దించింది. ఎక్కడా అడ్డు తగలకుండా దిగింది. ఇంకొకటి ముడేసి దించింది, అదీ దిగింది. ఆమె చేతులు తమకు అలవాటైన పని తాము చేసుకుపోయాయి. కన్నం వెంట తవ్వడం మొదలుపెట్టింది. తోటలో ఉన్నవాళ్ళంతా తమ సమాధుల దగ్గర అదే తవ్వకం, అదే ఇసక పొయ్యడంలో ఉన్నారు. ఎవరూ వింతగా చూడలేదు.

మామగారు ఏటేటా పోసిన ఇసక ముందు వచ్చింది. దాని కింద బూడిదరంగు నేల, దాని కింద ఎర్రమట్టి. రెండింటికీ మధ్య గీత గీసినట్టు హద్దు. బళ్ళో పిల్లలకు ఆమె ఏడాదికోసారి చెప్పే పాఠమే ఇది. ఒకసారి తవ్వి పూడ్చిన నేలలో రంగులు కలగలిసిపోతాయి, మళ్ళీ విడిపోవు. ఇక్కడ కలవలేదు. మోచేయి లోతు దాటాక పార ఠక్కుమంది. చేత్తో మట్టి తుడిచింది. చేతి మందాన పాలచెట్టు వేరు, సమాధికి తల వైపు నుంచి కాళ్ళ వైపుకు, ఎక్కడా తెగకుండా, గాటైనా పడకుండా పోతోంది. దాన్ని కరుచుకుని ఒక ఇలకోడి పిల్ల, కళ్ళు తెల్లగా, ఒళ్ళు మెత్తగా, వెలుతురు తగిలి కాళ్ళు ముడుచుకుంది.

లెక్చరరమ్మ అడిగినవన్నీ దొరికాయి. ఈ వేరు పుట్టాక ఇక్కడ ఎవరూ ఎవరినీ పెట్టలేదు.

ఆమెకు ఏడుపు రాలేదు. గొయ్యి పక్కనే కూలబడిపోయింది. ఇన్నేళ్ళూ తాను మోకరించింది ఎవరి ముందు? కొవ్వొత్తి పెట్టింది ఎవరికి? ప్రతి ఈస్టరుకూ పాట అయ్యాక జనం ఒకరి సమాధులకు ఒకరు కొవ్వొత్తులు పెట్టుకునేవారు. ఈ సమాధికి మాత్రం ఎవరూ పెట్టేవారు కారు. ఆమె దుఃఖానికి ఎడమిస్తున్నారనుకునేది. ఎంత మర్యాదస్థులో అనుకునేది!

యెహోషువ ఇసకతట్ట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. గొయ్యి చూశాడు. వేరు చూశాడు. తట్ట దించడం కూడా మరిచి అలాగే నిలబడ్డాడు.

"మామయ్యా, ఆయన ఎక్కడ?" అన్నది ఎలిశబెతు.

ఆ ముసలాయన తట్ట దించి, దాని పక్కనే చతికిలబడ్డాడు. "తెలీదమ్మా. పడవలో వాళ్ళు ఇద్దరు ఒడ్డుకొచ్చినారు. వాడు రాలా. ఒడ్డంతా గాలించినాం. చొక్కా గుడ్డ గూడా దొరకలా."

"మరి ఇదేమిటి?"

"మా అక్క పరంజ్యోతమ్మను చూసినావు గదా నువ్వు?"

చూసింది. కాపరానికొచ్చిన కొత్తల్లో మామగారింట్లోనే చూసింది. పరంజ్యోతమ్మ మొగుడు కూలికని రంగూనుకు ఓడెక్కిపోయి, కబురు లేకుండా పోయాడు. ఆమె అప్పటి నుంచి చచ్చిపోయేదాకా ప్రతి రాత్రీ అతనికి కంచం పెట్టింది. తలుపు గడియ వేయనిచ్చేది కాదు. పళ్ళూడిపోయిన ముసలమ్మ, ఎవరి అడుగు చప్పుడైనా తల దువ్వుకునేది. అది చూసి కొత్తకోడలు భయపడితే, క్రీస్తుదాసు నవ్వించి ఊరుకోబెట్టాడు.

"నువ్వు అట్టా అయిపోతావని భయపడినానమ్మా. ఇరవై నాలుగేళ్ళు లేవు నీకు. సమాధి ఉంటే ఏడ్చుకుని లేస్తావు, లేకపోతే ఎప్పటికీ లేవలేవు అనుకున్నా. సంఘమంతా కూడబలుక్కున్నాం. ఈ చెట్టు కిందయితే వేళ్ళకు జడిసి ఇంకెవురూ తవ్వరని ఈడ దిబ్బ పోసినాం. వాక్యం చదవలా. అబద్ధానికి వాక్యం చదవలేం గదా. ఒక పాట పాడి ఇళ్ళకు పోయినాం."

"ఊరంతటికీ తెలుసా?"

"ఇప్పుడుండే పాస్టరుగారికి తెలీదు. ఆయన నిరుడు గదా వచ్చినాడు."

ఎలిశబెతుకు ఒళ్ళు మండిపోయింది. అరవాలని నోరు తెరిచింది. ఎదురుగా ఆయన ముసలిచేతులు ఇసక తట్టలో ఊరికే ఇసకను ఇటూ అటూ తోస్తున్నాయి. అరవలేకపోయింది.

"కనీసం ఆయన చొక్కా ఒకటైనా ఇందులో పెట్టారా?"

"పెడదామనే తెచ్చినానమ్మా. పెట్టబుద్ధి కాలా. బతికుండేవాడి చొక్కా పూడిస్తే ఎట్టా అనిపించినాది." ఆ మాట తన నోటి నుంచి వచ్చాక ఆయనే అదిరిపడ్డాడు.

"అంటే మీరు కూడా నమ్మలేదు" అన్నది ఆమె మెల్లగా.

తలపైన పాలచెట్టులో ఎక్కడో టిక్కుమంది. ఇంకొకటి అందుకుంది. చూస్తుండగానే తోటంతా కూతతో నిండిపోయింది. పని చేసుకుంటున్నవాళ్ళు పారలూ బుట్టలూ సర్దుకుని, వీళ్ళ వైపు చూడకుండా వెళ్ళిపోయారు. ఎలిశబెతు వేరు మీద మట్టి కప్పింది. ఆ పిల్లను సీసాలో వేసుకోలేదు.

మర్నాడు తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగాయి. సిలువకు సున్నం కొట్టలేదని అందరూ చూశారు, ఎవరూ అడగలేదు. ఎలిశబెతు పాడలేదు. తరవాత గుళ్ళో ఆరాధన. పాస్టరుగారు చిన్నవాడు, ఉత్సాహం గలవాడు. రాయి దొర్లి ఉండడం, లోపల ఎవరూ లేకపోవడం గురించి గొంతెత్తి ప్రసంగించాడు. ఊరి పెద్దలు మాత్రం ఎందుకో నేల చూపులు చూస్తూ విన్నారు. ఆనందబాబు కొడవలూరు నుంచి పొద్దుటి బస్సుకే దిగి, ఉతికిన చొక్కాతో మగవాళ్ళ వైపు కూర్చున్నాడు. అతని మెడ వెనక క్షౌరం కొత్తగా కనిపిస్తోంది. అది చూసి ఎలిశబెతు గుండె కలుక్కుమంది. నోరు మూసుకుంటే ఈ మనిషి తనవాడవుతాడు. సీసా మూత బిగించినంత పని.

"కీర్తిశేషులైన క్రీస్తుదాసుగారి భార్య, విధవరాలైన ఎలిశబెతు..." పాస్టరుగారు చదివాడు. "అడ్డంకి ఏదైనా ఎరిగినవారు ఇప్పుడే తెలియజేయవలసింది."

ఎలిశబెతు లేచి నిలబడింది.

"నాకు తెలుసండి. నేను విధవరాలినో కాదో ఇక్కడ ఎవరికీ తెలియదు. నా భర్త సమాధి ఖాళీగా ఉంది."

పాస్టరుగారు తెల్లబోయాడు. ఆనందబాబు గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు. గుడి మొత్తం మీద ఆ ఇద్దరే. తక్కినవాళ్ళలో ఒక్కరూ ఏమిటని అడగలేదు, ఒక్కరూ పక్కవాళ్ళ ముఖం చూడలేదు. ఆడవాళ్ళు కొంగులు ముఖాల మీదికి లాక్కున్నారు. మగ్దలీనమ్మ వెక్కుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. యెహోషువ ముందు బెంచీలో లేచి నిలబడి, "ఆ అమ్మి చెప్పింది నిజం. తప్పు నాది" అన్నాడు.

ఆరాధన అయ్యాక ఆనందబాబు మెట్ల దగ్గర ఆగాడు. "ఎంతకాలం చూస్తారు?" అని అడిగాడు, కోపం లేకుండానే.

"తెలియదండి. చూడనని చెప్పి మీ ఇంటికి వస్తే, అక్కడ కూడా తలుపు వైపే చూస్తానేమో. అది మీకు అన్యాయం" అన్నది ఎలిశబెతు. అతను మెట్లు దిగి బస్సు దారి పట్టాడు. అతను మలుపు తిరిగేదాకా ఆమె చూసింది. పిలవాలని ఎంతగానో అనిపించింది.

ఆ మధ్యాహ్నమంతా ఆమె బల్ల ముందు కూర్చుని పురుగు పని ముగించింది. గుడి నుంచి వస్తూ పాలచెట్టు మీద పట్టిన పురుగు రెక్కలు విప్పి సూది గుచ్చింది. చీటీ మీద ఊరి పేరు రాసింది. చెట్టు, పాల. కూత, పొద్దు వాలే వేళ. నేల అన్న చోట కలం కొంచెం ఆగింది. తరవాత "ఎన్నడూ తవ్వనిది" అని రాసింది. నీ సైన్సు పుస్తకంలో ఇది ఉండాదా అని అడిగినవాడికి ఇంక జవాబు చెప్పొచ్చు, అతను వస్తే.

సాయంత్రం త్వరగా అన్నం వండింది. ఇద్దరికీ కంచాలు పెట్టి, మామగారిని పిలిచింది. ఆయన వచ్చి పీట మీద కూర్చున్నాడు. కంచం వైపు చూశాడు, మళ్ళీ లేచాడు. గూటిలోంచి మూడో కంచం తీశాడు, దుమ్ము పట్టి ఉంటే చెంబులో నీళ్ళతో కడిగాడు. తుండుతో తుడిచి, పరంజ్యోతమ్మ ఎక్కడ పెట్టేదో సరిగ్గా అక్కడ, గడపకు ఎదురుగా పెట్టాడు.

"చెప్పలేం గదమ్మా" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా.

ఎలిశబెతు ఆ కంచంలో అన్నం వడ్డించింది. పాలచెట్ల వైపు నుంచి టిక్కు టిక్కుమని మొదలై కూత లేచింది, పెరిగింది, ఇల్లంతా నిండింది. ఏ పురుగో, ఏ వేరు తాగి పెరిగిందో, ఎందుకు కూస్తుందో ఆమెకు అంతా తెలుసు. వెలుతురు తగ్గేకొద్దీ గొంతు జారి, అది ఆగిపోయింది. ఇద్దరూ అన్నంలో చేతులు పెట్టకుండా, తీసి ఉన్న తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు.